క్లచ్ ఒక్కసారిగా వదిలేసే చేతులు: వంగే స్వింగ్ ట్రైనర్‌తో నాలుగు నెలలు

గోల్ఫ్‌లో నా స్లైస్, అంటే కొట్టిన బంతి కుడివైపుకి వంగిపోయే జబ్బు, పోలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, అది పోవడం కోసమే ఈ రివ్యూ చదవడానికి వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. బంతి ఇప్పటికీ కుడివైపుకి వంగుతూనే ఉంది. కాకపోతే ఇదివరకు పది బంతులు కొడితే పదీ పది దారులు పట్టేవి. ఇప్పుడు ఏడో ఎనిమిదో ఒకే తీరుగా వంగి, ఇంచుమించు ఒకే చోట పడుతున్నాయి. ఎంత వంగుతుందో తెలిసిన బంతినైతే కాస్త ఎడమకి గురిపెట్టి ఆడుకోవచ్చు. ఎటు పోతుందో తెలియని బంతితో ఏం చేస్తాం? నాలుగు నెలల్లో ఈ వస్తువు వల్ల నాకు జరిగిన మేలు ఇంతే. నాకైతే అది తక్కువేం కాదు.

వస్తువు చూడ్డానికి తమాషాగా ఉంటుంది. చివర గుండ్రటి బరువు బంతి, మధ్యలో చేపలు పట్టే గాలం కర్రలా వంగే పొడుగాటి షాఫ్ట్, పట్టుకునే చోట మామూలు గోల్ఫ్ గ్రిప్, ఆ గ్రిప్ అడుగున చేతుల వెనక ఇంకో చిన్న బరువు. దీనితో బంతిని కొట్టరు. ఊరికే ఊపుతారు. ఈ ఆకారానికి పేరు తెచ్చింది ఆరెంజ్ విప్. దాన్ని తయారుచేసింది జిమ్ హ్యాకెన్‌బర్గ్ అనే గోల్ఫ్ ప్రొఫెషనల్. ఇప్పుడు రకరకాల కంపెనీలు రకరకాల రంగుల్లో చేస్తున్నాయి. నా దగ్గరికి మూడు వచ్చాయి: ఒకటి పొడుగుది, ఒకటి మధ్యరకం, ఒకటి బంతికి బదులు నిజమైన క్లబ్ (గోల్ఫ్ కర్ర) తల ఉన్నది. అవి ఏ కంపెనీలవో రాయను. వాటిలో ఒకదాని మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది, ఒకరి పేరు దాచి మిగతావాళ్ల పేర్లు రాయడం బాగుండదు. నేను చెప్పబోయేది చాలావరకు ఈ రకం మొత్తానికీ వర్తిస్తుంది.

నేను కారు డ్రైవింగ్ నేర్పిస్తాను. 19 ఏళ్లుగా అదే పని. పక్క సీట్లో కూర్చుని, నా వైపు ఉన్న బ్రేక్ మీద కాలు పెట్టుకుని, ఎదుటివాళ్ల కాళ్లు ఏం చేస్తున్నాయో చూడకుండానే కనిపెట్టడం నా ఉద్యోగం. గోల్ఫ్ నాకు ఆలస్యంగా అంటుకుంది, 48 ఏళ్లకి. నా దగ్గర నేర్చుకున్న ఒకబ్బాయి గోల్ఫ్ కోచ్. రివర్స్ పార్కింగ్ అతనికి ఆరు వారాలు పట్టింది. తర్వాత నేను అతని దగ్గర చేరాను. ఆ ఆరు వారాలకీ ఇప్పుడు వడ్డీతో సహా వసూలు చేస్తున్నాడు.

ఒకరోజు నేను డ్రైవర్‌తో, అంటే గోల్ఫ్‌లో దూరం కొట్టే పొడుగాటి క్లబ్‌తో, వరసగా పన్నెండు బంతులు పాడుచేశాక అన్నాడు, "మేడమ్, నాకు క్లచ్ నేర్పేటప్పుడు మీరేం చెప్పేవారో గుర్తుందా?"

గుర్తులేకేం. రోజుకి నలభైసార్లు అనే మాట అది. "హాఫ్ క్లచ్‌లో ఒక్క క్షణం ఉండు. బండి దానంతటదే కదులుతుంది."

"క్లబ్ పైకి వెళ్లాక మీరు ఆ ఒక్క క్షణం ఉండట్లేదు మేడమ్. క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తున్నారు. బండి ఎగిరి ఆగిపోతోంది."

నాకు కోపం వచ్చింది. నిజం కాబట్టి ఎక్కువ వచ్చింది. ఆ రాత్రే ట్రైనర్ ఆర్డర్ పెట్టాను.

అక్కడే మొదటి పొరపాటు చేశాను. 47 అంగుళాలది తెప్పించుకున్నాను. పెద్దదైతే ఎక్కువ పనిచేస్తుందనే అత్యాశ. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. నా డ్రైవర్‌కన్నా పొడుగున్న కర్రని, అదీ వంగే కర్రని ఊపితే ఏమవుతుంది? మొదటి స్వింగ్‌లో బంతి నా కుడికాలి వెనక నేలని గుద్దింది. రెండోది బాగానే తిరిగింది, కానీ చివర్లో షాఫ్ట్ చుట్టుకొచ్చి బంతి వీపు మీద తట్టింది, వెనకనుంచి ఎవరో పిలిచినట్టు. మూడోది హాల్లో పైన వేలాడే లైటుకి తగిలింది. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "బయట చాలా చోటుంది కదా" అన్నారు.

రెండు వారాలు మేడ మీద దానితోనే కుస్తీ పట్టి, తర్వాత 43 అంగుళాలది తెప్పించాను. తేడా వెంటనే తెలిసింది. పొడుగుదాన్ని నేల తగలకుండా తిప్పడానికి తెలియకుండానే నిటారుగా లేచిపోతున్నాను, చేతుల్ని చుట్టూ అడ్డంగా తిప్పుతున్నాను. అంటే టెంపో (స్వింగ్ లయ) సరిచేసుకోబోయి స్వింగ్ ఆకారాన్నే చెడగొట్టుకుంటున్నాను. పొట్టివాళ్లు, ఐరన్లతో (లోహపు తల ఉన్న పొట్టి క్లబ్‌లతో) ఎక్కువ సాధన చేసేవాళ్లు మధ్యరకమే తీసుకోండి. 35 అంగుళాల చుట్టుపక్కల ఉండే చిన్నవి కూడా వస్తాయి. గది లోపల ఊపుకోవడానికి అవి పనికొస్తాయి గానీ, షాఫ్ట్ పొట్టిదైన కొద్దీ వంపు తెలియడం తగ్గుతుంది. ఒకసారి అడిగి తీసుకుని చూశాను, నాకు సరిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతి, ఇది వంగడం ఎందుకు అవసరమో.

ఆగిపోయిన బండిని తాడు కట్టి ఇంకో బండితో లాగడం ఎప్పుడైనా చూశారా? నా వృత్తిలో అది చాలాసార్లు చేయాల్సొస్తుంది. ముందు బండివాడు ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే తాడు ఝల్లున బిగుసుకుంటుంది, వెనక బండి ముందుకి దూకుతుంది, వెంటనే తాడు వదులైపోతుంది. మళ్లీ బిగుసుకుంటుంది, మళ్లీ వదులు. ఒక్కోసారి తెగిపోతుంది. తెలిసినవాడు ముందు తాడులోని వదులు పోయేదాకా పాకినట్టు కదిలి, తాడు బిగిశాక వేగం పెంచుతాడు. రెండు బండ్లనీ కలిపేది ఇనుప కడ్డీ అయితే ఈ తెలివితేటలేవీ అక్కర్లేదు, ఎలా తొక్కినా వెనక బండి వచ్చేస్తుంది.

మామూలు క్లబ్ ఆ ఇనుప కడ్డీకి దగ్గర. పైనుంచి చేతులతో గుంజినా తల ఎలాగోలా బంతి దగ్గరికి వచ్చేస్తుంది, కాకపోతే ఎప్పుడు వస్తుందో, ఏ ముఖంతో వస్తుందో చెప్పలేం. గుంజామన్న సంగతి మన చేతులకి తెలియదు. ఈ ట్రైనర్ తాడు లాంటిది. పైన గుంజితే షాఫ్ట్ విల్లులా వెనక్కి వంగుతుంది. బంతి వెనకబడిపోతుంది, తర్వాత ఒక్కసారిగా కోలుకుని, రావాల్సినదానికన్నా ముందే మనల్ని దాటేస్తుంది. ఆ విసురుకి కాలివేళ్ల మీదకి తూలిపోతాం. చెవికి కూడా తెలుస్తుంది. గాలిని కోసే ఆ 'జుయ్' శబ్దం బంతి ఉండాల్సిన చోటు దాటాక, ఎడమకాలి అవతల రావాలి. నాకు మొదటి పదిరోజులూ కుడి మోకాలి దగ్గరే వచ్చేది. అంటే నా దగ్గరున్న వేగమంతా బంతిని చేరకముందే ఖర్చయిపోతోంది. ఏడాదిగా కోచ్ నోటితో చెప్తున్నది ఇదే. అతను చెప్తే వాదించాను. కర్రతో ఏం వాదిస్తాం?

అందుకే బరువొక్కటీ చాలదంటాను. రేంజ్‌లో, అంటే బంతులు కొట్టి సాధన చేసే మైదానంలో, నా పక్కన ప్రాక్టీస్ చేసే ఒకాయన దగ్గర బిర్రుగా ఉండే బరువు క్లబ్ ఉంది. దాన్నీ ఊపి చూశాను. భుజాలకి మంచి వ్యాయామం. కానీ దాన్ని కండబలంతో గుంజినా ఏమీ అనదు, మాట్లాడకుండా వచ్చేస్తుంది. అలాగే బరువు లేకుండా ఉత్త వంపు మాత్రమే ఉంటే సన్నటి బెత్తంలా ఊగుతుంది తప్ప ఏ సంగతీ చెప్పదు. బరువూ వంపూ కలిసి ఉన్నప్పుడే మన తప్పు మనకి తిరిగొస్తుంది. గ్రిప్ అడుగున ఉన్న ఎదురుబరువు పని ఇంకోటి. అది లేకపోతే బరువంతా చివరే ఉండి, పైకెత్తడానికే మణికట్లు అరిగిపోతాయి. ఎదురుబరువు ఉంటే చేతుల దగ్గర తూకం కుదిరి, లోలకంలా ఊగుతుంది.

నేను చేసేది పెద్ద పద్ధతేం కాదు. ఆపకుండా ముందుకీ వెనక్కీ ఊపడం, అంతే. ఒక్కొక్క స్వింగ్ చేసి ఆగితే మోసం చేయడానికి వీలుంటుంది. గుంజేసి, తూలి, సర్దుకుని, మళ్లీ మొదలెట్టొచ్చు. ఆపకుండా పదిసార్లు ఊపితే ఆ వీలు లేదు. మూడోసారి గుంజారంటే నాలుగోసారికి లయ తప్పి కాళ్లు తడబడతాయి. అలా ఊపుతూ ఉండగానే, ఎవరూ చెప్పకుండానే, ఒకటి అర్థమైంది. బంతి ఇంకా వెనక్కి వెళ్తూ ఉండగానే నా నడుము ముందుకి కదలడం మొదలెట్టాలి. లేకపోతే దాన్ని తిప్పలేను. ఇన్నాళ్లూ 'పైన ఆగడం' అంటే క్లబ్బుని ఆపేసి నిలబడటం అనుకున్నాను. అది కాదట. చేతులు తొందరపడకుండా ఉంటే నడుము వాటికన్నా ముందు బయల్దేరుతుంది. హాఫ్ క్లచ్ కూడా ఆగడం కాదు కదా. బండి ఆగినట్టే ఉంటుంది, లోపల ఇంజన్ అప్పటికే పట్టుకుంటూ ఉంటుంది. నేను వేలమందికి చెప్పిన మాటే.

తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి సగం స్వింగులు. ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ కష్టం, ఏమాత్రం గుంజినా పడిపోతాం. కళ్లు మూసుకుని కూడా చేసి చూశాను, బాగుంది. మేడ మీద పిట్టగోడకి దూరంగా నిలబడి చేయండి.

ఫోన్ లేకపోతే ఇవన్నీ నా ఊహలేనేమో అనుకునేదాన్ని. కాబట్టి లెక్క వేశాను. ఫోన్ కెమెరాలో స్లో మోషన్ సెకనుకి 240 ఫ్రేములు తీస్తుంది. సెవెన్ ఐరన్‌తో స్వింగ్ తీసి, క్లబ్ వెనక్కి కదిలిన ఫ్రేమ్ నుంచి పైన తిరిగే ఫ్రేమ్ వరకు, అక్కడినుంచి బంతికి తగిలే ఫ్రేమ్ వరకు లెక్కపెట్టాను. ఒక్క స్వింగ్ కాదు, ఐదు తీసి సగటు చూశాను. మొదలెట్టినప్పుడు 268, 71. అంటే వెనక్కి సెకను పైచిలుకు, కిందికి సెకనులో మూడో వంతుకి కాస్త తక్కువ. నిష్పత్తి 3.8కి 1.

ఈ నిష్పత్తి మాట ఎందుకొచ్చిందంటే, 2000 ప్రాంతంలో జాన్ నోవొసెల్ అనే ఆయన పెద్ద పెద్ద ఆటగాళ్ల వీడియోలు తీసి ఇలాగే ఫ్రేములు లెక్కపెట్టాడు. సెకనుకి 30 ఫ్రేముల లెక్కలో ఒకరు 27కి 9, ఇంకొకరు 24కి 8, మరొకరు 21కి 7. చూడ్డానికి ఒకరు నిదానంగా, ఒకరు చురుగ్గా ఉన్నా నిష్పత్తి మాత్రం 3కి 1. యేల్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ గ్రోబర్ కూడా ఇదే విషయాన్ని లోతుగా చూశాడు. క్లబ్ కదలికని శబ్దంగా మార్చి వినిపించే పరికరం కూడా తయారుచేశాడు. ఎర్నీ ఎల్స్‌ని 'బిగ్ ఈజీ' అంటారు, చూస్తే బద్ధకంగా ఊపినట్టే ఉంటుంది. నిక్ ప్రైస్ చూడబోతే చటుక్కున కొట్టేస్తాడు. ఇద్దరూ మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీలు, గెలిచినవాళ్లే. కాబట్టి 'నెమ్మదిగా కొట్టు' అనేది టెంపో గురించిన సలహా కాదని నాకు అప్పుడు తట్టింది.

అయినా నా అంకెలు చూసి నమ్మలేకపోయాను. రేంజ్‌లో ఎవరిని అడిగినా నాకు చెప్పిందొకటే, "మీరు మరీ తొందరపడుతున్నారండీ, నెమ్మదిగా తీయండి." నేను బుద్ధిగా విన్నాను. వెనక్కి ఇంకా నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా తీశాను. ఆ నెమ్మదిలో చేతులు బిగుసుకుపోయేవి, పైకి వెళ్లేసరికి ఊపంతా చచ్చిపోయేది. ఇక పైనుంచి గుంజక ఏం చేస్తాను? నా రోగం తొందర కాదు. వెనక్కి తీయడంలో అతి నెమ్మది, తిరిగే చోట ఒక్క కుదుపు.

ఈ విషయం ట్రైనర్ మొదటి రోజే చెప్పింది, నాకు అర్థం కావడానికే నెల పట్టింది. దాన్ని మరీ నెమ్మదిగా తీస్తే షాఫ్ట్ బిగుసుకోదు, బంతి పైన చేరాక తోటకూర కాడలా వాలిపోతుంది. కాస్త చొరవగా తీస్తేనే బంతి తన ఊపుతో తాను పైదాకా వెళ్లి, అక్కడ షాఫ్ట్‌ని వంచి, మనల్ని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు చేతికి తెలిసినప్పుడు కిందికి రావాలి. తెలియకముందే వస్తే తూలుడు. టెంపో అంటే నాకిప్పుడు ఆ లాగుడు కోసం ఎదురుచూడటమే. నెమ్మది, వేగం అనే మాటలు నా బుర్రలోంచి పోయాయి.

లెక్క కోసం 'తకధిమి' పెట్టుకున్నాను. 'త' దగ్గర క్లబ్ కదులుతుంది, 'మి' దగ్గర పైన తిరుగుతుంది, మళ్లీ 'త' వచ్చేసరికి బంతి. వెనక్కి మూడు అక్షరాల కాలం, కిందికి ఒకటి. కోచ్ మెట్రోనోమ్ యాప్‌లో 218 దగ్గర పెట్టుకోమన్నాడు. నాకు ఆ టిక్కు టిక్కు టెన్షన్ పెడుతుంది, నోటితో అనుకోవడమే హాయి.

నాలుగో నెల చివర మళ్లీ ఐదు స్వింగులు తీశాను. 205, 66. నిష్పత్తి 3.1. వెనక్కి తీసే సమయం నాలుగో వంతు దాకా తగ్గింది. కిందికి కొద్దిగానే తగ్గింది. అయినా చూసినవాళ్లంతా అనేది, "ఇప్పుడు నెమ్మదిగా కొడుతున్నారే, బాగుంది!" నేను సరేనంటున్నాను.

దెబ్బల సంగతి కూడా చెప్పాలి. నా పొడుగు ట్రైనర్‌ని వంటింటి త్రాసు మీద తూచాను, 790 గ్రాములు. నా డ్రైవర్ 285. దాదాపు మూడు రెట్లు. ఇది ఆలోచించకుండా ఉత్సాహంలో రోజుకి 80 స్వింగులు మొదలెట్టాను. తొమ్మిదో రోజుకి కుడి మోచేతి లోపలివైపు నొప్పి, గేర్ మార్చినప్పుడల్లా చురుక్కుమనేది. పదిరోజులు పూర్తిగా ఆపేశాను. తర్వాత రోజుకి 15తో మొదలెట్టి, నెలకి 40 దాకా వచ్చాను, అక్కడితో చాలు. ఇంకో మార్పు, కుడివైపు పది ఊపితే ఎడమచేతి వాటంగా కూడా ఐదు ఊపుతాను. ఒకేవైపు తిరిగి తిరిగి నడుము పట్టేయడం తగ్గింది. పెట్టె మీద ఈ మాటలేవీ రాసి లేవు. ఉండాలి.

పెట్టె అన్నాను కాబట్టి ఫిర్యాదు కూడా. పొడుగుదానిలో బంతి షాఫ్ట్‌కి అతుక్కునే చోట మూడో వారానికి కదలడం మొదలైంది. ముందు కొద్దిగా గుండ్రంగా తిరిగింది, తర్వాత ఊపినప్పుడల్లా టక్కుమని చప్పుడు. గుప్పెడంత బరువు ఆ వేగంతో ఊడి ఎగిరితే ఎవరి కిటికీ, ఎవరి తల? అమ్మినవాళ్లకి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. చివరికి మా కార్లు చూసే మెకానిక్ జిగురు వేసి, పిన్ను కొట్టి ఇచ్చాడు, ఇప్పటిదాకా కదల్లేదు. మీరు ఏది కొన్నా, ఊపే ముందు ప్రతిసారీ బంతిని చేత్తో మెలితిప్పి చూడండి. వీల్ నట్లు చూసుకోకుండా బండి తీస్తామా?

మధ్యరకం దానిలో అలాంటి లోపమేమీ లేదు. గ్రిప్ కాస్త లావు, చిన్న చేతులవాళ్లకి ఇబ్బంది. అంతే.

మూడోది, క్లబ్ తల ఉన్నది, వేరే కథ. సెవెన్ ఐరన్ తల, షాఫ్ట్ మాత్రం వంగేది. దీనితో నిజంగా బంతిని కొట్టొచ్చు. మొదటిరోజు ఇరవై బంతులు కొట్టాను. ఏడు షాంకులు, అంటే క్లబ్ మెడకి తగిలి పక్కకి పోయినవి. రెండు పక్కవాళ్లు కొట్టే చోటికి వెళ్లాయి, క్షమించమని అడగాల్సొచ్చింది. నాలుగు అసలు కదల్లేదు, క్లబ్బే గాల్లో పోయింది. కానీ పదిహేనో బంతి అనుకుంటాను, నేనేమీ చేయనట్టుగా ఊపితే తేనెలో ముంచినట్టు మెత్తగా తగిలి నేరుగా వెళ్లింది. ఆ ఒక్క దెబ్బ కోసం ఇంకో గంట నిలబడ్డాను. ఇది బంతి ఉన్న రకంకన్నా నిక్కచ్చిగా నిలదీస్తుంది. బంతి ఎదురుగా ఉంటే మనకి పుట్టే ఆత్రాన్ని కూడా పట్టుకుంటుంది కాబట్టి. ఉత్తి స్వింగ్‌లో మహారాణిలా ఊపేదాన్ని, తెల్లటి బంతి కనిపించగానే పూనకం వచ్చినట్టు గుంజేదాన్ని. అయినా మొదటే ఇది కొనొద్దు. ముందు రెండు నెలలు బంతి ఉన్నదానితో లయ కుదిరాక తీసుకోండి, లేకపోతే విసుగొచ్చి మూలన పడేస్తారు.

ఈ వస్తువులమ్మేవాళ్లు చెప్పే ఒక మాట మాత్రం నేను నమ్మను. ఆడబోయే ముందు బరువైనది ఊపితే అసలు క్లబ్ వేగం పెరుగుతుందట. తేలిగ్గా అనిపించడం నిజం, పక్షి ఈకలా అనిపిస్తుంది. కానీ బేస్‌బాల్‌లో బ్యాట్‌కి బరువు రింగు తొడిగి ఊపిన తర్వాత కొలిచి చూస్తే, ఆటగాళ్లకి బ్యాట్ వేగంగా తిరిగినట్టు అనిపించిందే తప్ప నిజానికి వేగం పెరగలేదని, కొన్నిసార్లు తగ్గిందని తేలింది. నా అనుభవమూ అదే. ట్రైనర్ కింద పెట్టి వెంటనే డ్రైవర్ తీసుకున్న రోజుల్లో మొదటి దెబ్బ ఎప్పుడూ పాడయ్యేది, చేతిలో ఏమీ లేనట్టుండి మళ్లీ గుంజేసేదాన్ని. ఇప్పుడు మధ్యలో అదే క్లబ్‌తో బంతి లేకుండా మూడు స్వింగులు చేసి, తర్వాతే కొడుతున్నాను. రేంజ్‌లోనైతే మూడుసార్లు ట్రైనర్, మూడుసార్లు ఉత్తి క్లబ్, ఒక బంతి. అరగంటలో కొట్టేది పదిహేను బంతులే. గంటకి వంద కొట్టిన రోజులకన్నా ఇవే ఎక్కువ నేర్పాయి.

పోటీ ఆడేవాళ్లకి ఒక హెచ్చరిక. రౌండ్ మొదలయ్యే ముందు దీనితో ఎంతసేపైనా ఊపుకోండి. రౌండ్ మొదలయ్యాక ముట్టుకోకూడదు. 2010లో అమెరికాలోని ఓరెగన్‌లో సేఫ్‌వే క్లాసిక్ అనే మహిళల గోల్ఫ్ పోటీ జరుగుతోంది. జూలీ ఇంక్‌స్టర్, అప్పటికి ఆమెకి 50 ఏళ్లు, హాల్ ఆఫ్ ఫేమ్ క్రీడాకారిణి, గెలిచే అవకాశం ఉన్న స్థానంలో ఉంది. పదో టీ (పదో హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర అరగంట వేచి ఉండాల్సొచ్చింది. ఒళ్లు బిగుసుకుపోకుండా క్లబ్‌కి బరువు రింగు తొడిగి ఊపింది. టీవీలో చూస్తున్న ఎవరో ఆ సంగతి నిర్వాహకులకి తెలియజేశారు. ఆమెని పోటీ నుంచి తప్పించేశారు. 2019 నుంచి అమల్లో ఉన్న నియమాల్లో కొంత దయ ఉంది. 4.3 నియమం ప్రకారం మొదటిసారి దొరికితే జనరల్ పెనాల్టీ, అంటే స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆటలో) రెండు స్ట్రోకులు. రెండోసారైతే డిస్‌క్వాలిఫికేషన్. నేను ఆడేది స్నేహితుల మధ్య ఆటే అయినా, ట్రైనర్లని కారు డిక్కీలో పెట్టి తాళం వేసే వెళ్తాను. చేతికి అందితే ఊపకుండా ఉండలేను, నా సంగతి నాకు తెలుసు.

ఇక దీనివల్ల కానివి. చివర ఉన్నది గుండ్రటి బంతి, దానికి ముఖం లేదు. క్లబ్ ఫేస్ తెరుచుకుని వస్తోందా, మూసుకుని వస్తోందా అనేది ఇది చెప్పలేదు. అందుకే నా స్లైస్ నాతోనే ఉంది. పట్టు తప్పుగా ఉన్నా ఇది పట్టించుకోదు. మీ పట్టు తప్పయితే ఆ తప్పుకే చక్కటి లయ వస్తుంది. పుట్టింగ్‌కి, అంటే గుంటలోకి బంతిని దొర్లించడానికి, దీనితో సంబంధం లేదు. చిప్పింగ్‌కి (గుంట దగ్గరికి బంతిని చిన్నగా ఎగరేసే దెబ్బకి) మాత్రం, నేను అనుకోలేదు గానీ, ఉపయోగపడింది. మోకాలి ఎత్తు నుంచి మోకాలి ఎత్తుకి చిన్న చిన్న ఊపులు ఊపితే, చివర్లో మణికట్టుతో గిల్లే అలవాటు తగ్గింది. ఇది ఎక్కడా ప్రకటనల్లో రాయరు.

ఇంకో రోగం కూడా ఉంది, నాకు పూర్తిగా నయం కాలేదు. మేడ మీద నా స్వింగ్ ఒకటి, రేంజ్‌లో ఒకటి, మొదటి టీ మీద నలుగురు చూస్తుండగా ఇంకొకటి. మేడ మీద 205 ఉన్న అంకె మొదటి టీ మీద ఎంతో మా అమ్మాయి చేత వీడియో తీయించాను. 231. పాత జబ్బు, భయమేస్తే నెమ్మదిగా తీయడం. అయినా 268 కాదు కదా. కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లు కూడా ఒంటరిగా బండి తీసిన మొదటిరోజు ఒకటి రెండుసార్లు ఇంజన్ ఆపేసుకుంటారు, వాళ్లకి నేనేమీ అనను.

గోల్ఫ్ మొదలెట్టి రెండు మూడు నెలలే అయినవాళ్లు దీని జోలికి పోవద్దు. ముందు పట్టు, నిలబడే తీరు కోచ్ దగ్గర నేర్చుకోండి. మోచేతి, భుజం, నడుము నొప్పులు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా 800 గ్రాములు ఊపకండి. బాగానే కొడుతూ, ఒకరోజు బాగా, ఒకరోజు అధ్వానంగా, ఎందుకో అంతుపట్టనివాళ్లకి ఇది సరిగ్గా సరిపోతుంది. మధ్యరకానికి 5కి 4 ఇస్తాను, ఫేస్ గురించి చెప్పలేనందుకు ఒకటి కోత. క్లబ్ తల ఉన్నదానికి మూడున్నర. నేను కొన్న పొడుగుదానికి రెండు, ఆ రెండూ మా మెకానిక్‌వే.

మా కోచ్ బాబు మొదట్లో వీటిని చూసి పెదవి విరిచాడు. "మేడమ్, ఇవన్నీ బొమ్మలు, నా మాట వింటే చాలు" అన్నాడు. పోయిన నెల నా ఫ్రేముల లెక్క చూపించాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇంకో స్టూడెంట్‌కి చూపించాలి, రెండు రోజుల్లో ఇచ్చేస్తానని నా 43 అంగుళాలది పట్టుకెళ్లాడు. మూడు వారాలైంది. నిన్న రేంజ్‌లో దూరం నుంచి చూశాను, స్టూడెంట్ ఎవరూ లేరు, అతనే ఒక్కడూ నిలబడి ఊపుకుంటున్నాడు. పిలవలేదు. ఈ వారం పొడుగుదానితోనే సర్దుకుంటున్నాను, మేడ మీద.